ఇటు రండి, ఇటు రండి

నరసాపురం రామతులసికి నీళ్లంటే భయం లేదని ఊరంతా అనేవారు. ఆవిడా అనేది. అల్లిన లేసుల మూట చంకన పెట్టుకుని, కాపురానికి వచ్చిన నాటి నుంచి గోదావరి దాటుతున్న మనిషి. జనాన్ని రేవు దాటించే పంటు ఒక పక్కకు ఒరిగితే చాలు, అందరికన్నా ముందు లేచి, "ఇటు రండి, ఇటు రండి!" అంటూ జనాన్ని రెండో పక్కకు తోలేది. పంటు నడిపే సరంగు గొంతు కన్నా ఆవిడ గొంతే పెద్దది.

అలాంటి మనిషి విశాఖలో చిన్న ఓడ ఎక్కింది. అండమాన్ చూడబోయే యాత్రికుల ముందు లేసు అల్లి చూపించాలి, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు అన్నారు ఓడవాళ్లు. మొగుడు బుల్లియ్యను బయల్దేరదీసింది. పక్షవాతం వచ్చి తగ్గాక అతనికి ఎడమ కాలు సరిగ్గా ఆనదు.

"నాకెందుకే సముద్రం?"

"నేనున్నాగా, రండి."

ఒడ్డు కనిపించినంతసేపూ బాగానే ఉంది. అది మాయమయ్యాక రామతులసి గుండెల్లో రాయి పడింది. గోదారికి అవతలి గట్టుంటుంది, దీనికి ఏ గట్టూ లేదు. భయమేస్తోందని మొగుడితో చెప్పడానికి నామోషీ.

మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. అందరినీ లోపలే కూర్చోమన్నారు. ఇంతలో ఓడ కుడి పక్కకు ఒరిగింది. అంతే, ఆవిడకు పంటు బుద్ధి పుట్టింది.

"ఏవండీ, లెగండి! ఎడం పక్కకి రండి, మునిగిపోద్ది!"

బుల్లియ్య రెక్క పట్టుకుని, తలుపు తోసుకుని, బయట రెయిలింగు దాకా ఈడ్చుకుపోయింది. వెనక సిబ్బంది అరుస్తున్నా వినలేదు. ఓడ పంటు కాదు కదా! తనంత తానే లేచి, ఈసారి వీళ్లున్న పక్కకే వాలింది. అల వచ్చి మీద పడింది. బుల్లియ్య కాలు జారి, రెయిలింగు కింది సందులోంచి నడుము దాకా బయటికి పోయాడు.

"తులసీ!"

రామతులసి కూలబడి రెండు చేతులా అతని చొక్కా పట్టుకుంది. ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. "వదలనండీ, వదలనండీ" ఒక్కటే మాట. సిబ్బంది వచ్చి ఇద్దరినీ లోపలికి లాగినా ఆ గుప్పిళ్లు విడలేదు. వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. చేతులారా మొగుణ్ణి సముద్రంలో పారేసేదాన్నే అనుకుంది ఆవిడ.

ఊరొచ్చాక ఇద్దరూ పంటు ఎక్కారు. నడి గోదారిలో అది కాస్త ఒరిగింది. జనం అలవాటు కొద్దీ ఆవిడ వైపు చూశారు. రామతులసి లేవలేదు. బుల్లియ్య చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది:

"సరంగు గారూ, మమ్మల్ని ఎటు రమ్మంటారండీ?"