సారు కోసం ఉపవాసం

రిటైర్డ్ టీచరు సొలొమోను సెల్‌ఫోన్ వాడడు. రోజూ గొడుగు చంకన పెట్టుకుని మెదక్‌లోని నెట్ సెంటరుకొచ్చి, ఒంటివేలితో మెయిళ్లు కొడతాడు. 'మీ మెయిల్ మూతపడుతుంది, పాస్‌వర్డ్ పంపండి' అని ఎవరో రాస్తే, వందనాలు చెప్పి మరీ పంపాడు. ఆపైన తెలంగాణ సమ్మెకు బస్సులు బందై, శివ్వంపేటలో కూతురింట్లో చిక్కుకుపోయాడు. ఈలోగా ఆ దొంగ ఆయన మెయిల్ నుంచే చర్చి పాస్టరుకు రాశాడు: 'బొంబాయి ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నాను, డబ్బు పంపండి.'

సారు తిరిగొచ్చిన రోజే చర్చి ఊడ్చే ఎలిశిబమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పానం మంచిగైందా సారూ? మీరు దవఖాన్ల ఉన్నరని పాస్టరుగారు చర్చిల మీ మెయిల్ సదివిన్రు. మూడొద్దులు ఉపాసమున్న." పాస్‌వర్డ్ గుర్తొచ్చి ఆయన చెవులు వేడెక్కాయి. మోసపోయానని చెప్పడానికి నోరు రాలేదు. "మంచిగైందమ్మా" అన్నాడు.

ఆదివారం ఆమె లేచి సాక్ష్యం చెప్పింది: "నా ప్రార్థన ఇని దేవుడు సారును లేపిండు." సంఘమంతా ఆమేన్ అంది. తలెత్తకుండా సారు కూడా అన్నాడు.