నాలుగో పేరు

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మావారు ఫోన్ చేసి, "పక్కింటి ఆంటీ పోయారట. తెల్లవారుజామున, నిద్రలోనే," అన్నారు. అయ్యో అనాల్సిన దాన్ని, నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, "ఆ పని చెయ్యనే లేదే!" అని. ఏం పనో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందని మాత్రం కాదు.

సింగపూర్‌లోని టోవా పాయోలో మా ఫ్లాటుకీ ఆంటీ ఫ్లాటుకీ మధ్య ఒక్క గోడే. వాళ్ళ తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో అరవం, మలయ్ కలిసిపోయి ఉండేవి. కనపడితే చాలు, "మకాన్ అయ్యిందా మా?" అని భోజనం సంగతే అడిగేవారు. డాక్టరే గానీ ఉద్యోగమంతా పరిశోధనే. మొదట అంటువ్యాధులు, తర్వాత చర్మ క్యాన్సర్. ఎవరు ఎదురైనా మొహం కంటే ముందు చర్మం చూసేవారు. మొదటిసారి లిఫ్టులో కలిసినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, "ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉంది మా?" అన్నారు. ఉత్త పుట్టుమచ్చేనని తేలాకే నా పేరడిగారు.

రిటైరయ్యాక ఆవిడకి ఒకటే కోరిక. తను రాసిన పేపర్లన్నిటి జాబితా ఇంటర్నెట్‌లో ఒకచోట ఉండాలి. ఒక ఆదివారం, వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో, టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే అది మాదని ఆపి, టైపు చేసిన కాగితాల కట్ట నా ముందుంచారు. ఏ పేపరు, ఏ పత్రికలో వచ్చింది, ఎవరెవరు కలిసి పనిచేశారు, అంతా వరసగా ఉంది. "ఇదెంత పని ఆంటీ, ఒక్క పూట!" అన్నాను. సింగపూర్‌లో అడుగుపెట్టి ఏడాది కాలేదు, అప్పుడే అంత పొగరు నాకు.

చేశాను. పట్టిక అందంగా రావాలని ప్రతి పేపరుకీ మూడు పేర్లుంచి, మిగతావాళ్ళని 'ఇతరులు' అనేసి కత్తిరించాను. ఆంటీ కళ్ళజోడు సవరించుకుని స్క్రీనంతా చూసి, "మిగతావాళ్ళేరి మా?" అన్నారు.

"చోటు చాలదాంటీ. అందరూ ఇలాగే చేస్తారు."

"ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా పడుతుందన్నావే! ఇంకో నలుగురు పట్టరా?" నవ్వుతూనే అన్నారు. ఆ తర్వాత, "మా ల్యాబ్‌లో బ్లేడుతో కణజాలాన్ని పల్చగా కోసి స్లైడ్ల మీద పెట్టే ఒకామె ఉండేది మా. ఆమె చెయ్యి కుదిరితేనే నాకేదైనా కనపడేది. ప్రతిసారీ నాలుగో పేరు ఆమెదే," అన్నారు.

"రేపు మార్చేస్తానాంటీ."

ఆ రేపు ఎనిమిది నెలలు సాగింది. కారిడార్‌లో కనపడితే, "టైం దొరికిందా మా?" అని అడగలేక అడిగేవారు. చివరికి నేను తలుపు సందులోంచి చూసి, ఆవిడ లోపలికెళ్ళాకే బయటికొచ్చేదాన్ని. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. పైగా ఆఫీసులో నేను వెలగబెడుతున్నదేమిటి? పాతకాలం ప్రోగ్రామర్లు చోటు కలిసొస్తుందని సంవత్సరంలో మొదటి రెండంకెలు ఎగరగొట్టారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని, అది సరిచెయ్యడానికే నన్నిక్కడికి రప్పించారు. రోజూ వాళ్ళని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి నేను చేసిందీ అదేనని ఒక్కరోజు కూడా తట్టలేదు.

ఆ సాయంత్రం మా బ్లాకు కింద ఖాళీ జాగాలో ఆంటీని పడుకోబెట్టారు. తలకి గుడ్డ చుట్టుకున్న ఒక మలయ్ పెద్దావిడ నా దగ్గరికొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, "కంప్యూటర్ అమ్మాయివి నువ్వేనా? నా పేరు కూడా ఉంటుందని డాక్టర్ చెప్పింది. మా మనవరాలు స్కూల్లో వెతికింది. లేదంది," అన్నారు. నేను తల దించుకున్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "పర్లేదు లా. డాక్టర్‌కి తెలుసు కదా," అన్నారు ఇక్కడివాళ్ళ యాసలో. ఆ వేళ్ళ మీద సన్నటి పాత గాట్లున్నాయి. అంతవరకూ ఏడవని దాన్ని, అప్పుడు ఏడ్చేశాను.

ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ టీవీ కింద పడి ఉన్న ఆ కాగితాల కట్ట తీశాను. దోమల జ్వరాల పేపర్ల దగ్గర్నుంచి చర్మ క్యాన్సర్ పేపర్ల దాకా, అన్నిట్లోనూ నాలుగో పేరు కింద పెన్సిల్ గీత. ఎక్కడ వదిలేస్తానోనని ముందే గీసి ఇచ్చారు. మూడో పేరు దాటి నేను చూడనే లేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి పేపరు దగ్గర 'ఇతరులు' చెరిపేశాను. రొఖయా బింతి యూసుఫ్ అని కొట్టాను. పేరు పట్టిక అంచు దాటి బయటికి పోయింది. పోనిచ్చాను.