దేవుని పిడికెడు

లారీ మమ్మల్ని దించిన చోట రోడ్డు ఆగిపోయింది. నలభై నాలుగు, జూన్. బర్మా సరిహద్దు కొండలు. వాన. పిక్కల దాకా బురద. ఒక్కొక్కరికి ఒక గ్రౌండ్ షీటు, ఒక దోమతెర, ఇనుప టోపీ, మగవాళ్ల కొలతకు కుట్టిన బూట్లు ఇచ్చారు. మలేరియాకు రోజూ ఒక పసుపుపచ్చ మాత్ర. నెల తిరిగేసరికి ఒళ్లు పచ్చబడి అందరం నలుగు పెట్టించుకున్న పెళ్లికూతుళ్లలా తయారయ్యాం.

నర్సును సిపాయి అంటారా అని మా హనుమకొండలో ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. సర్కారు ఆర్డరు మీద వెళ్లాను, యూనిఫారం తొడిగాను, విమానం మోత వినిపిస్తే కందకంలో దూకాను. ఇంకేం చేస్తే సిపాయి అవుతారో అడిగేవాళ్లే చెప్పాలి.

నా టెంటులో రెండో మంచం సుగుణక్కది. నర్సంపేట మనిషి. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. పెళ్లయ్యాక మొగుడితో పాటు బాప్తిస్మం తీసుకుంది. ఆయన ఫౌజు లారీ డ్రైవరు, మా రోడ్డు మీదే తిరిగేవాడు. నేను మిషను స్కూలు పంతులు బిడ్డను. ఇంటర్ చదివాను. కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతాను. సుగుణక్క పాడితే వార్డులో జ్వరంతో ఉన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది, మళ్లీ అదే అపస్వరంలో పాడేది.

కానీ ఆమెకు ప్రార్థన వచ్చు. నాకు పోయింది. సింగపూర్ జపాను వాళ్ల చేతికి పోయిన నాటి నుంచి, అక్కడి ఫౌజులో ఉన్న మా అన్న జాడ లేదు. అన్న కోసమే నేను ఫౌజులో చేరాను. రెండేళ్లు మోకాళ్లూని అడిగాను. జవాబు లేదు. చివరికి తల మీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంటే లోపల చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు. సుగుణక్క మాత్రం పక్కింటి మనిషితో ముచ్చట పెట్టినట్టు దేవుడితో మాట్లాడేది, మధ్యలో దెప్పిపొడిచేది కూడా. పక్క మంచం మీద పడుకుని అది వింటుంటే నాకు కడుపు మండేది. పరాయి ఆడదాని నగ చూసి కుళ్లుకునేవాళ్లను నేను ఎగతాళి చేసేదాన్ని. నాది అంతకంటే హీనమైన కుళ్లు.

మా ఇద్దరికీ రొట్టె దిగదు. అందుకని మాకు బియ్యం విడిగా ఇచ్చేవాళ్లు. టెంటు వెనక మూడు రాళ్ల పొయ్యి. ఎసట్లో బియ్యం పోసే ముందు సుగుణక్క ఒక పిడికెడు తీసి బిస్కెట్ డబ్బాలో వేసేది. అది దేవుని పిడికెడు. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లందరూ తీస్తారు, ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. అక్కడ గుడి లేదు. ఆమె ఆదివారం ఆ బియ్యం గంజి కాచి రోడ్డు కూలీల పిల్లలకు పోసేది.

జూలైలో కొండచరియ విరిగి రోడ్డు తెగింది. రేషను సగానికి దించారు. డబ్బాలో పిడికెడు మాత్రం పడుతూనే ఉంది. నేను ఊరుకోలేదు. ఆకలితో పని చేసే నర్సు చెయ్యి వణుకుతుంది, వణికే చేత్తో సూది గుచ్చడం ఏ భక్తి అని వాదించాను. ఆమె బియ్యం కడుగుతూనే వింది.

"నీ వాటాల కెల్లి తీస్తలేను గద చెల్లె. నా పిడికెడుతోని నీకేం బాధ?"

బాధేమిటో నాకు తెలుసు. ఆ చెయ్యి ఒక్కపూటైనా ఆగాలి. అదొక్కటే నేను కోరుకున్నది.

రోడ్డు బాగుచేశారు. ఎనిమిది లారీల మొదటి కాన్వాయ్ బియ్యంతో బయలుదేరింది. అందులో చివరి బండి సుగుణక్క మొగుడిది. పొద్దున్నే ఆమె జడ వేసుకుని, బూట్లు తుడుచుకుంది. మధ్యాహ్నం మా నర్సుల పెద్ద మేట్రన్‌తో పాటు నేను సిగ్నల్ టెంటులో ఉన్నాను. వైర్‌లెస్‌లో గొంతు గరగరలాడింది.

"ఏడు బండ్లు దాటినయ్. ఓవర్."

"ఎనిమిదోది?" అని మేట్రన్ అడిగింది.

"లోయల పడ్డది. ఓవర్."

సాయంత్రం ఏడు లారీలు వచ్చాయి. ముందు బండి డ్రైవరు దిగి, టోపీ తీసి సుగుణక్క ఎదుట నిలబడ్డాడు. ఆమె టెంటులోకి వెళ్లి దోమతెర దించుకుంది.

ఆ పూట రేషను పూర్తిగా ఇచ్చారు. నేనే పొయ్యి ముట్టించాను. వాన చినుకులు పడుతున్నాయని గిన్నె టెంటు గుమ్మంలోకి జరుపుకుని బియ్యం కొలిచాను. తెర వెనక నుంచి గొంతు వినిపించింది.

"దేవునికి తీసినవా?"

నాకు తిక్క రేగింది. "ఇంకా ఎందుకక్కా? ఏం చేసిండని?"

"నాకు ఆయన మీద మస్తు కోపమున్నది. ఇయ్యాల నా చెయ్యి లేస్తలేదు. జర నువ్వు తియ్యి నా దిక్కు నుంచి. రేపు నేను సూస్కుంట."

ఏడవాల్సిన చోట నేను అసూయపడ్డాను. మొగుడు పోయిన పూట కూడా ఆమెకు కోపగించుకోవడానికి ఎదురుగా ఒకడున్నాడు. నాకు ఆ దిక్కు కూడా లేదు.

పిడికెడు తీశాను. డబ్బా మీద చెయ్యి పెట్టాను. పిడికిలి విచ్చుకోలేదు. వేస్తే నమ్మినట్టు. వేయకపోతే ఆమె పిడికెడు నేను కాజేసినట్టు.

వేశాను. డబ్బా అడుగున గింజలు గలగలమన్నాయి. మర్నాడు పొద్దున ఆమె లేచి తన పిడికెడు తనే తీసింది. నేను నాది తీశాను.

యుద్ధం ముగిసిన ఏడాది ఇద్దరం కాజీపేటలో రైలు దిగాం. ఆమె నర్సంపేట బస్సెక్కింది. మా అన్న రాలేదు. ఈనాటికీ రాలేదు. గుడిలో పెద్దలు ప్రతి ఏడూ సాక్ష్యం చెప్పమంటారు. కష్టంలో ప్రభువు చెయ్యి పట్టుకుని నడిపించాడని చెప్పాలట. నన్నెవరూ నడిపించలేదు, ఒకావిడ తన పని నాకు అప్పజెప్పిందంతే అంటాను. మైకు వేరేవాళ్లకిస్తారు. నేను ఇంటికొచ్చి ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీస్తాను. ఇన్నేళ్లలో ఒక్క పూట తప్పలేదు. నమ్మకం ఉన్న పూటా తీశాను, లేని పూటా తీశాను.

తీసిన ప్రతిసారీ అదే కనబడుతుంది. చినుకుల చప్పుడు, పొగ, డబ్బా మీద బిగిసిన నా పిడికిలి. దోమతెర వెనక సుగుణక్క కళ్లు. ఆ చెయ్యి తనది కాకపోయిందే అన్నట్టు నా చేతినే చూస్తున్నాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. అన్నాళ్లూ ఆమె చేతిని నేను చూసిన చూపే అది.