టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య

ఆదోని షోరూంలో ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు చూస్తున్నాను. బయట వాన మొదలై నల్లరేగడి వాసన వచ్చింది.

చిన్నప్పుడు ఇలాంటి వానలోనే, నొప్పులు పడుతున్న అమ్మను నాయన పాత ఫోర్‌వీల్ జీపులో ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. కాస్త దూరం పోవడం, ఆపడం, దిగి కొడవలితో చక్రాల సందులో మట్టి గీకడం. వెనక అమ్మ మూలుగుతోంది.

"నాలుగు చక్రాలూ లాగుతాయంటివే నాయనా! ఊరికే ఎందుకు నిలబెడ్తాండావు?" అని ఏడ్చాను.

"మట్టి బిగిస్తే నాలుగూ తిరగవు పాపా. ఓర్సుకో."

అమ్మంటే నాయనకు లెక్కలేదనుకున్నాను. చెల్లెలు దారిలో కాదు, ఆసుపత్రిలోనే పుట్టింది.

"ఎంత బురదలోనైనా ఆగకుండా పోతుంది మేడమ్," అంటున్నాడు సేల్స్ అబ్బాయి. నేను వంగి, టైరు పైన కొడవలి దూరేంత సందుందో లేదో చేయి పెట్టి చూస్తున్నాను.