మేనమామ పీట మీద బిందుమాధవి

మా బెల్లం మార్కెట్లో బిందుమాధవి నోటికి జడిసే దళారులు చాలామందే ఉన్నారు. ఆ బిందుమాధవి జడిసేది మాత్రం ఒక్కదానికే, ఊరి బయటి రోడ్డుకి. వాళ్ల నాన్న త్రినాధరావు గారి కొట్టు నడిపేది ఆవిడే. పెళ్లి ఊసెత్తితే సీజన్ అయ్యాక చూద్దామంటూ నలభైకి దగ్గరపడింది. ఎర్ర స్కూటీ ఉంది గానీ, అది ఇల్లూ కొట్టూ తప్ప ఎరగదు. అనకాపల్లి దాటాలంటే నాన్నగారి కారు ఉండాల్సిందే.

చెల్లెలు ధనశ్రీని బుచ్చయ్యపేటలో వడ్లవ్యాపారం చేసేవాళ్లింటికి ఇచ్చారు. ధనశ్రీ కూతురు హాసినికి మొదటి పుట్టినరోజు వచ్చింది. సాయంత్రం కేకు, పొద్దున్న చెవులు కుట్టడం. చెవులు కుట్టేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కదా. త్రినాధరావు గారికి ఇద్దరూ ఆడపిల్లలే. ఆ ఒడి తనదేనని బిందు ఏడాదిగా అనుకుంటోంది, ఎవరినీ అడక్కుండానే. తీరా ముందురోజు ధనశ్రీ ఫోన్ చేసి, అత్తగారు సూర్యకాంతమ్మ చోడవరం నుంచి దేవీప్రసాద్‌ని పిలిపించారనీ, పీట మీద అతనే కూర్చుంటాడనీ నసిగింది. దేవీప్రసాద్ వీళ్లకి పినతాత మనవడు, వరసకి తమ్ముడు. బిందు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. ఏమీ అనని బిందుని పక్క కొట్లో ఉండే నేను చూడటం అదే మొదటిసారి.

నాన్నగారికి కంటి ఆపరేషనై వారం కాలేదు, కారు కదలదు. బస్సులో వెళ్లమన్నారాయన. బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, ముహూర్తం ఆగదంటూ బిందు మర్నాడు పొద్దున్నే స్కూటీ తీసింది. బెల్లం వాళ్లు శుభకార్యానికి చేతులూపుకుంటూ వెళ్తారా? మేలురకం బెల్లం దిమ్మ ఒకటి కాళ్ల దగ్గర పెట్టించుకుంది. పెట్టాక చూస్తే కాళ్లకి చోటు లేదు. దింపితే మా అందరి ముందూ పరువు పోతుందని, రెండు కాళ్లూ చెరోవైపు వేలాడేసుకుని బయల్దేరింది. మేము నవ్వామని ఇప్పటికీ కోపమే.

దారిలో చెరకు ట్రాక్టర్ వెనక చాలాసేపు నత్తనడక నడిచింది. దాటడానికి ధైర్యం చాలలేదు. ఆగిన చోటల్లా ఒకటే ప్రశ్న, తోడెవరూ లేరా అని. మొదట టీకొట్టు దగ్గర, నాన్న వెనక కారులో వస్తున్నాడని చెప్పింది. పెట్రోలు బంకులో ఆ కారెక్కి లేని మొగుడొచ్చాడు. చోడవరం చేరేసరికి బావలూ మరుదులూ ఎక్కి కారులో చోటు చాల్లేదు. చోడవరం దాటాక గట్టు మీద కూర్చున్న ముసలమ్మ అడిగితే మాత్రం, ఎవరూ లేరు, నేనొక్కదాన్నే అనేసింది. అన్నాక గుండె తేలికైందట. ముందు తగిలిన ఇంకో ట్రాక్టర్‌ని హారన్ కొట్టి మరీ దాటింది. గట్టిగా నవ్వొచ్చిందట, ఒంటరిగా.

బుచ్చయ్యపేట చేరేసరికి దేవీప్రసాద్ పీట మీద ఉన్నాడు. హాసిని అతని ఒళ్లో ఉంది. కంసాలి బంగారు తీగ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బిందు చెప్పులు విడిచి తిన్నగా పీట దగ్గరికెళ్లి, పిల్లని తన ఒళ్లో పెట్టమంది.

సూర్యకాంతమ్మ చెడ్డమనిషి కాదు గానీ ఆనవాయితీ అంటే ప్రాణం. ఆడమనిషి మేనమామ పీట మీద కూర్చోవడం తన తరంలో చూడలేదంది. చుట్టాలు తలలూపారు. తల ఊపడానికి మనవాళ్లకి ఖర్చేముంది?

"పిల్ల ఏడిత్తే గట్టిగా పట్టుకోడానికే కదత్తయ్యా మేనమామ" అంది బిందు. "అది పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనే. ఇప్పుడూ నేనే పట్టుకుంటాను."

దేవీప్రసాద్ మెల్లగా లేచాడు. "నేను వరసకే మావఁయ్యనత్తయ్యా. అక్క అలా నిలబడి సూత్తంటే నేను కూకోలేను."

సూర్యకాంతమ్మ కోడలి వైపు చూసింది. ధనశ్రీ కళ్లనిండా నీళ్లతో అక్కనే చూస్తోంది. పెద్దావిడ, ముహూర్తం దాటిపోతోంది, కూర్చోమంది.

తీగ దిగగానే హాసిని వీధంతా వినబడేలా ఏడ్చింది. బిందు తల కదలకుండా గుండెకి అదుముకుంది. రెండో చెవీ అయ్యాక తను తెచ్చిన దిమ్మ గిల్లి నోట్లో పెడితే, ఏడుస్తూనే చప్పరించి, బెల్లం చేతులతో పెద్దమ్మ పట్టుచీరంతా పులిమేసింది. అందరూ నవ్వుతుంటే బిందు మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది. అంత సంతోషం తనకి ఎప్పుడూ కలగలేదని నాతో చెప్పింది.

సూర్యకాంతమ్మ మనవరాలి ముక్కు తుడుస్తూ, బిందు వైపు చూడకుండానే అంది. "పీటెక్కడంతో అయిపోలేదమ్మాయ్. రేపు దీని ఓణీలకి మేనమామ బట్టలు నువ్వే తేవాల. పెళ్లిలో దీన్ని బుట్టలో పెట్టి నువ్వే మొయ్యాల. అప్పుడు ఆడమనిషినంటే ఊరుకోను."

"మోత్తానత్తయ్యా" అంది బిందు, పిల్లని దింపకుండానే.