రోడ్డు నడుమ బిందెడు నీళ్లు

మాణిక్యం ఢిల్లీకి వచ్చిందన్న మాటే గాని, ఢిల్లీని చూసింది తక్కువ. ఏషియాడ్ ఆటలకు రోడ్లు వేస్తున్నారని మేనమామ నరసింహులు మేస్త్రీ పాలమూరు నుంచి ముఠాను తీసుకొస్తే, అయిదో తరగతిలో బడి మానిన మాణిక్యం కూడా గంప పట్టుకుని వెంట వచ్చింది. ఆటలు అయిపోయాయి. ముఠా ఫరీదాబాద్ దాటి, కొండల కింద ఉన్న సర్కారు నీలగిరి చెట్ల తోపులో పనికి కుదిరింది. మగవాళ్లు చెట్లు కొట్టేవారు. కొట్టిన చోట నాటిన మొక్కలకు మాణిక్యం నీళ్లు పోసేది.

ఆ తోపులో ఏటా ఒక పట్టీలోని చెట్లు మాత్రమే కొడతారు. అక్కడే మళ్లీ నాటుతారు. ఆఖరి పట్టీ కొట్టేసరికి మొదటిది ఎదిగి ఉంటుంది. పద్ధతి మంచిదే, దారే బాగాలేదు. పోయిన వానాకాలం దుంగల లారీలు బురదలో దిగబడితే డ్రైవర్లు దారి వదిలి పక్కనుంచి తోలారు. మూడు వరసల మొక్కలు చక్రాల కింద నలిగిపోయాయి. వాటిని ఏరిన మాణిక్యం చేతులను ఆ ఆకుల వాసన రెండు రోజులు వదల్లేదు.

ఈ ఏడు రోడ్డు గట్టిగా వెయ్యమని అడవిశాఖ రేంజరు ముఠాకే పని చెప్పాడు. లారీలు మళ్లీ మొక్కల్లోకి దిగితే ఇక ఇక్కడ నాటేది లేదని కూడా అన్నాడు.

మొరం మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, మొదటి ముక్క పూర్తిచేశారు.

"అద్దం లెక్కున్నది సూడుండ్రి!" అన్నాడు నరసింహులు.

మాణిక్యం చూసింది. రోడ్డు నడుమకు వెళ్లి, చంకలోని బిందె వంచింది.

"ఏందే పిల్లా, తాగే నీళ్లు పారబోస్తున్నవ్? రోడ్డుకు దూపయిందా?" అన్నాడు మేస్త్రీ.

అందరూ నవ్వారు. నీళ్లు అటూ పోలేదు, ఇటూ పోలేదు. అక్కడే నిలిచి మొరంలోకి ఇంకాయి. మాణిక్యం మడమతో నొక్కితే మెత్తగా దిగింది.

"నడుమ ఎత్తు లేదు మామా," అంది, నేల వంకే చూస్తూ.

"ఇరవై ఏండ్ల సంది పొలాలు సదును జేస్తున్న. నాకు జెప్తవా?"

"మడిల అయితే నీళ్లు నిలవాలె. ఈడికెల్లి పోవాలె గద."

నవ్వులు ఆగాయి. నరసింహులు గొంతుక్కూచుని బొటనవేలితో నొక్కి చూశాడు.

"రోడ్డేసిన అనుకున్న, మడి జేసిన," అని తానే నవ్వాడు. "లెవ్వుండ్రి, తవ్వుండ్రి!"

నడుమ ఎత్తు చేశారు. రెండు పక్కలా కాలవలు తీశారు. వాటి మూతులు మొక్కల వరసల్లోకి తిప్పమని మాణిక్యమే అడిగింది. ఇరవై అడుగులకోసారి ఆమె బిందె వంచేది. నీళ్లు రెండుగా చీలి పక్కలకు పారితేనే మళ్లీ దిమ్మిస లేచేది.

ఆషాఢంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మూడో రోజు నిండు లారీ వచ్చింది. పోయినేడు దారి తప్పిన మలుపు దగ్గరే ఆగింది. మాణిక్యం మొక్కల ముందు నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టి చక్రం కిందికి చూశాడు.

"ఠీక్ హై," అని గేరు మార్చి, నడుమనుంచే తోలుకుపోయాడు. పక్కనే కాలవలో ఎర్రనీళ్లు మొక్కలవైపు పారుతున్నాయి.

మర్నాడు రేంజరు కొత్త పట్టీలో మొక్కలకు గుంతలు తీయమన్నాడు. రోడ్డు ఇంకా ఒక మైలు వెయ్యాల్సి ఉంది. దాని మొదట్లో నిలబడి నరసింహులు కేకేశాడు:

"మాణిక్యమా, బిందె తే!"