గోడ దాటి వచ్చిన అక్షరం

2004 ఎండాకాలం. నంద్యాల సంజీవనగర్‌లో ఒక మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లు అమ్మేవాణ్ణి, బాగుచేసేవాణ్ణి. పాణ్యం నుంచి ఆళ్లగడ్డ దాకా ఎవరి మిషన్ ఆగిపోయినా స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కడమే నా పని. అప్పట్లో వచ్చే ఫిర్యాదుల్లో సగం వైరస్, మిగతా సగం కరెంటు హెచ్చుతగ్గులు. ఈ రెండింటికీ చెందనిది నా ఇరవై ఏళ్ల పనిలో ఒక్కటే వచ్చింది.

దానికి ముందు సంవత్సరం సంగతి కొంత చెప్పాలి. వెంకటసుబ్బయ్య సారు ఆళ్లగడ్డలో చాలాకాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. తొంభైల చివరికి పిల్లలంతా కంప్యూటర్ సెంటర్ల వైపు పోయేసరికి టైపు మిషన్లు వచ్చిన రేటుకు అమ్మేసి, నా దగ్గరే ఒక కంప్యూటర్ కొన్నారు. దస్తావేజులు రాసేవాళ్లు చిత్తుప్రతి తెచ్చిస్తే తెలుగులో టైపు చేసి ఇవ్వడం ఆయన జీవనం. కొన్నాళ్లకు నడుం దగ్గర డిస్కు జారింది. బల్ల ముందు నిటారుగా కూర్చోలేని పరిస్థితి. పడక కుర్చీలో వెనక్కి వాలి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుంటేనే పని జరిగేది. కానీ కీబోర్డు వైరు పొట్టిది. ఆయన కొంచెం కదిలితే చాలు, ఊడి వచ్చేది.

ఒకరోజు నడుముకు బెల్టు కట్టుకుని, బస్సులో నంద్యాల వచ్చి, మా మేడమెట్లు నింపాదిగా ఎక్కారు.

"వైరు లేని కీబోర్డులు వచ్చినాయంట గదప్పా. ఒగటి తెప్పించు. అయితే మీటలు మాత్రం పాత పద్ధతిలోనే ఉండాల."

వైర్‌లెస్ కీబోర్డు అంటే, కీబోర్డులో బ్యాటరీ సెల్స్ ఉంటాయి. కంప్యూటర్‌కు రిసీవర్ అనే చిన్న పెట్టె తగిలిస్తాం. నొక్కిన మీటల సంగతి గాలిలో రేడియోలాగా ఆ పెట్టెకు చేరుతుంది. ఇక ఆయన అడిగిన పాత పద్ధతి ఏమిటంటే, తెలుగు టైపు మిషన్ మీద ఏ అక్షరం ఏ మీటకు ఉండేదో, కంప్యూటర్‌లోనూ అదే మీటకు అదే అక్షరం పడేలా సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవాళ్లు. దీన్ని లేఅవుట్ అంటాం. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. చేతులకు మాత్రం తెలుగు అక్షరాల చోట్లు తెలుసు. అందుకే మీట సైజు మారినా, షిఫ్టు పక్కకు జరిగినా అలాంటి చేతులు తడబడతాయి.

హైదరాబాద్ నుంచి తెప్పించిన మొదటి కీబోర్డు మధ్యలో రెండుగా విడిపోయి, వంపు తిరిగి ఉంది. సారు దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఏందప్పా ఇది, ఏనుగు తొక్కినట్ల?" అన్నారు. రెండోది సన్నగా, అందంగా ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ ఒక వాక్యం కొట్టి ఆగిపోయారు.

"ఈ కుడిపక్క షిఫ్టు యాడ దాచినారు? నా చిటికెనేలు దానికోసరం ఊరంతా తిరగాల్నా?"

మూడోది దొరకడానికి చాలా రోజులు పట్టింది. డీలర్ దగ్గర అమ్ముడుపోని సరుకులో ఉందది. పేరు తెలియని కంపెనీ, బండ మీటలు, రెండు వైపులా పొడవాటి షిఫ్టులు. అచ్చం పాత మిషన్ మాదిరే. సారు ఒక పేజీ ఆపకుండా కొట్టి, నా వైపు తిరిగి నవ్వారు. "ఇది నా చేతులకు తెలుసప్పా" అన్నారు.

ఆయన గది పక్కనే మాబున్ని కొట్టు. జిరాక్సు తీయడం, పెండ్లికార్డులు, కరపత్రాలు తయారుచేయడం ఆమె పని. సారు దగ్గరే టైపు నేర్చుకుంది కాబట్టి ఆమెదీ అదే లేఅవుట్. సారు కీబోర్డు చూశాక, "నాకూ అట్లాంటిదే ఒగటి తెచ్చియ్యన్నా. జిరాక్సు కోసం వచ్చినోళ్లు వైరు లాగి సంపుతాండారు" అంది. డీలర్ దగ్గర అదే రకం ఇంకొకటి మిగిలి ఉంటే తెచ్చి ఇచ్చాను.

కొన్ని వారాలకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, మిషన్ దాంతట అదే కొడతాంది."

"వైరస్ అయ్యుంటాదిలేమ్మా. స్కాన్ పెట్టు" అన్నాను. మళ్లీ ఫోన్. ఈసారి గొంతులో భయం ఉంది. ఉయ్యాలవాడ వాళ్ల పెండ్లికార్డు చేస్తుంటే, పెండ్లికూతురు పేరు పక్కన 'బీడు భూమి' అని పడిందట. చూసినవాళ్లు కార్డు వద్దని వెళ్లిపోయారట. "అన్నా, నువ్వు రాకపోతే నేను ఈ మిషన్ అమ్మేసుకుంటా" అంది.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. శిరివెళ్ల దాటేసరికే ఎండ మండుతోంది. ఆళ్లగడ్డలో దిగి, దారిలోనే కాబట్టి ముందు సారు గదికి వెళ్లాను. ఆయన పడక కుర్చీలో పని మీద ఉన్నారు. ఆయన కీబోర్డుకు కొత్త సెల్స్ వేశాను. ఊరు వెళ్లినప్పుడల్లా చేసే చిన్న పని అది.

"నా మిషన్ గూడా ఒగసారి చూడప్పా. పొలం కాగితం కొడతాంటే నడుమ్మధ్యలో 'బంధుమిత్రుల శుభాశీస్సులతో' అని పడతాంది. ఇది ఏం రోగమో!"

అప్పటికి నాకు వెలగలేదు. పక్క పని చూసుకుని వస్తానన్నాను. "పదప్పా. నాకూ ఈ కాగితం బిర్నా ఇయ్యాల. ఇంకా అన్నం గూడా తినలే" అని తొందరపడుతూ ఆయన నా వెనకే తలుపు గడియ పెట్టుకున్నారు. పనిలో ఉంటే ఆయన ఎప్పుడూ అంతే. తీసి ఉంచితే ఎంతసేపని అడిగేవాళ్లు వరసగా లోపలికి వస్తారు.

మాబున్ని కొట్టులోకి వెళ్లి కూర్చున్నాక సంగతి తెలిసింది. ఆ రెండు గదులూ ఒకప్పుడు ఒకటే. ఇంటివాళ్లు నడుమ ప్లైవుడ్ చెక్క కొట్టి రెండుగా చేసి అద్దెకిచ్చారు. ఆ చెక్కకు అటు సారు కంప్యూటర్, ఇటు మాబున్ని కంప్యూటర్. ఇద్దరివీ ఒకే రకం కీబోర్డులు. వాటి అడుగున ఛానల్ మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. ఒకటి, రెండు అని రెండే ఛానళ్లు. రేడియోలో స్టేషన్ మార్చినట్టు అన్నమాట. రెండూ ఒకటో ఛానల్ మీదే ఉన్నాయి. సారు కొట్టింది ఈమె తెర మీద కూడా, ఈమె కొట్టింది ఆయన తెర మీద కూడా పడుతున్నాయి. లేఅవుట్ ఒకటే కావడంతో పిచ్చి గీతల్లా కాక చక్కటి తెలుగులో పడుతున్నాయి.

నాకు నవ్వాగలేదు. ఆమె కీబోర్డు తిరగేసి, స్విచ్ మీద వేలు పెట్టాను. రెండుకు జరిపితే అయిపోయేది. కానీ ఆమె భయం పూర్తిగా పోవాలనిపించింది.

"అమ్మా, నువ్వు చేతులు కట్టుకుని తెర మీద చూడు. నేనూ ఏం ముట్టుకోను" అన్నాను.

కాసేపటికి తెర మీద అక్షరాలు మొదలయ్యాయి. 'తూర్పు: రస్తా. పడమర: వంక.' ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కొక్క అక్షరం వచ్చి కూర్చుంటోంది. మాబున్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా సారే! ఇది మా సారు చెయ్యే అన్నా. చూడు, ఎంత సమంగా పోతాందో!"

ఇద్దరం సినిమా చూసినట్టు చూస్తున్నాం. పొలం హద్దులు వస్తున్నాయి. 'ఉత్తరం' అని పడాల్సిన చోట 'ఉతరతం' అని పడింది. ఆగింది. అది చెరగలేదు. మళ్లీ మొదలై, ఏ మాటకూ చెందని అక్షరాలు నాలుగు పడ్డాయి.

మాబున్ని నవ్వు ఆగిపోయింది.

"మా సారు తప్పు కొట్టడన్నా. కొట్టినా చెరపకుండా ముందుకు పోడు."

"సెల్స్ అయిపోతే ఇట్లే అవుతాదిలే" అన్నాను అలవాటుగా. సెల్స్ బలహీనపడితే వైర్‌లెస్ కీబోర్డు తప్పుడు అక్షరాలు కొట్టడం మామూలే. అప్పుడు 'దక్షి' అని పడింది. తర్వాత 'ణ'. ఇంకో ణ. ఆ తర్వాత ఆగకుండా ణ ణ ణ అని వరస నిండి, కింది వరసలోకి దిగింది.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను. సెల్స్ అయిపోవడమేంటి? ఇప్పుడే కదా నా చేత్తో కొత్తవి వేసి వచ్చింది! సెల్స్ బాగుంటే, మీట బాగుంటే, అక్షరం ఇలా పారుతోందంటే ఒకటే కారణం. ఆ మీట మీద ఏదో బరువుంది. ఎవరూ తియ్యడం లేదు.

మాబున్ని అప్పటికే చెక్కను రెండు చేతులతో బాదుతోంది. "సార్! సార్!" బయటికి పరుగెత్తి తలుపు తోశాను. గడియ. పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. వెనక్కి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ బల్లను పక్కకు లాగేసింది. తెర మీద ణలు ఇంకా దిగుతూనే ఉన్నాయి, పేజీ తర్వాత పేజీ.

"చెక్క పీకన్నా! పీకు!"

పెద్ద స్క్రూడ్రైవర్‌తో అంచున మేకులు రెండు లేపి, కాలితో తన్నాను. చెక్క చీలింది. నేను ఆ చీలికలోంచి దూరి అటు పడ్డాను.

సారు కుర్చీలోనే ఉన్నారు. తల ఒక పక్కకు వాలిపోయింది. చొక్కా నీళ్లలో ముంచి తొడిగినట్టుంది. కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. కుడిచెయ్యి కీబోర్డు మీద బరువుగా పడి ఉంది. నేను ఆ చెయ్యి పైకెత్తాను. వెనక నుంచి మాబున్ని గొంతు వినపడింది.

"ఆగిపోయింది."

ఆమె తెర గురించే అంది. నేను మాత్రం ఆయన ఊపిరి గురించి అనుకున్నాను. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాకే నేను ఊపిరి తీసుకున్నాను.

ఆటోలో ఆయన్ను నా ఒళ్లో పడుకోబెట్టుకుని దగ్గరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. సారుకు షుగర్ ఉందని, ఇన్సులిన్ తీసుకుంటారని మాబున్ని చెప్పింది. డాక్టరు వేలికి సూది గుచ్చి రక్తం చూశాడు. ఇంజక్షన్ వేసుకుని, తిండి తినకుండా పనిలో పడడంతో ఒంట్లో చక్కెర మరీ పడిపోయిందన్నాడు. చేతికి గ్లూకోజ్ ఎక్కించాడు. మేం ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడి ఆ సీసా వైపే చూస్తున్నాం. కాసేపటికి సారు కనురెప్పలు కదిలాయి. ముందు డాక్టరును, తర్వాత మమ్మల్ని చూశారు.

"ఏందీ, అందరూ ఈడున్నారు? మిమ్మల్నెవరు పిలిచినారు?"

"మీరే పిలిచినారు సార్" అంది మాబున్ని. అని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా ఏడ్చేసింది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకాసేపు అట్లే ఉండుంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. నేను తలూపాను. స్విచ్ మీద పెట్టిన నా వేలు గుర్తొచ్చింది. చురుకైన మెకానిక్‌లా వెంటనే ఛానల్ మార్చి, "అయిపోయిందమ్మా" అని చెప్పి బస్సెక్కి ఉంటే? అటు గడియ పెట్టిన గదిలో ఆయన, ఇటు చక్కగా పనిచేసే మిషన్ ముందు మాబున్ని. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క. సాయంత్రం దాకా ఎవరికీ తెలిసేది కాదు. తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని, నంద్యాల వచ్చేదాకా ఆ వేలినే ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాను. నా భార్య తలుపు తీసి నా మొహం చూసి, "యాక్సిడెంటా?" అని అడిగింది.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. మాబున్ని నా సంచి పట్టుకుంది. "మార్చద్దన్నా. అట్లే ఉండనీ. ఆయప్ప కొడతాండేది నాకు కనపడతాంటే ధైర్యంగా ఉంటాది" అంది. సారు ఒప్పుకోలేదు. "దాని పని చెడిపోతాదప్పా. పెండ్లికార్డుల్లో నా పొలాలెందుకు? నువ్వు మార్చు" అన్నారు. మార్చాను. మార్చేటప్పుడు వేలు నా మాట వినలేదు. రెండుసార్లు జారింది.

చీలిన చెక్కను మాత్రం ఎవరూ మళ్లీ బిగించలేదు. ఇంటివాళ్లను అడిగి, అక్కడ తలుపు పట్టేంత సందు కోయించి గుడ్డ తెర కట్టుకున్నారు. మధ్యాహ్నం అయ్యిందంటే మాబున్ని ఆ తెర తీసి, "సార్, క్యారియర్ తెరిచినారా?" అని కేకేసేది. ఆయన విసుక్కుంటూనే తెరిచేవారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కుర్చీలోనే పని చేశారు.

ఈ పనిలో మేం నేర్చుకునేది లోపం కనపడగానే దాన్ని తీసెయ్యడం. ఎంత తొందరగా తీస్తే అంత మంచి పనివాడని పేరు. ఆళ్లగడ్డ నుంచి వచ్చాక నేను అంత తొందరపడలేకపోయాను. మిషన్ చేయకూడని పని చేస్తోందంటే, ఎక్కడో ఎవరో చేస్తున్నదే అందులోంచి వస్తుండొచ్చు. ముందు అది ఎవరో చూడాలి. అందుకే ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి మిషన్ దాంతట అదే ఏదో చేస్తోందంటే, వైరస్ గురించి, సెల్స్ గురించి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే: "మీ పక్కన ఎవరుంటారు?"